మౌస్ క్లిక్ సరిగ్గా పడట్లేదా? పారేసే ముందు ఇవి చేసి చూడండి

 

ఈరోజు టాపిక్ చాలా చిన్నది. మౌస్ బటన్. "ఇదేం టాపిక్ అన్నా, పాడైతే కొత్తది కొనుక్కుంటే పోలా?" అని కొంతమంది అనుకుంటారు. కరెక్టే, కొనొచ్చు. కానీ రాత్రి పదకొండింటికి హాస్టల్ రూమ్‌లో కూర్చున్నారు, పన్నెండు లోపు అప్లికేషన్ సబ్మిట్ చేయాలి, అప్పుడే లెఫ్ట్ క్లిక్ పనిచేయడం మానేసింది అనుకోండి. ఆ టైమ్‌లో ఏ షాపూ తెరిచి ఉండదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే వచ్చేసరికి డెడ్‌లైన్ వెళ్లిపోతుంది. ఆ ఒక్క గంట ఎలా గట్టెక్కాలి? ఈ ఎపిసోడ్ దానికోసమే.

ఇంకో మాట. మనలో చాలామందికి ఫోనే కంప్యూటర్. మౌస్ ఎప్పుడో ప్రాజెక్ట్ చేసేటప్పుడో, కాలేజీ ల్యాబ్‌లోనో, ఆన్‌లైన్ ఎగ్జామ్ రాసేటప్పుడో చేతికొస్తుంది. అలవాటు లేని వస్తువు పాడైతే, తప్పు మనదా దానిదా అన్నది కూడా అర్థం కాదు. "నాకే రావట్లేదేమో" అని ఇంకా గట్టిగా నొక్కుతూ కూర్చుంటాం. అలా నొక్కితే బటన్ బాగవదు, వేలు మాత్రం నొప్పి పుడుతుంది.

ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి చాలు. క్లిక్ అనేది బటన్‌లో లేదు. క్లిక్ అంటే కంప్యూటర్‌కి వెళ్లే ఒక చిన్న మెసేజ్. "ఇక్కడ నొక్కారు", "ఇప్పుడు వదిలారు". అంతే. ఆ మెసేజ్ లెఫ్ట్ బటనే పంపాలని రూలేం లేదు. రైట్ బటన్ పంపొచ్చు, కీబోర్డ్ పంపొచ్చు, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పంపొచ్చు, మీ జేబులో ఉన్న ఫోన్ కూడా పంపొచ్చు. పోస్ట్‌మ్యాన్ సెలవు పెడితే ఉత్తరాలు ఆగిపోవు కదా, ఇంకొకరు తెచ్చిస్తారు. ఇదీ అంతే.

ముందు జబ్బేంటో తెలుసుకుందాం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మాకు మొదట నేర్పే పాఠం ఒకటుంది. బగ్‌ని సరిచేసే ముందు, అది ఎప్పుడెప్పుడు వస్తుందో చూపించగలగాలి. మౌస్‌కీ అదే రూల్. "మౌస్ పాడైంది" అంటే సరిపోదు. ఎలా పాడైంది? మౌస్ బటన్‌కి ముఖ్యంగా మూడు జబ్బులు వస్తాయి.

ఒకటి, క్లిక్ పడకపోవడం. పదిసార్లు నొక్కితే ఆరేడుసార్లే పడుతుంది, లేదా అసలు పడదు.

రెండు, ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడటం. ఫోల్డర్‌ని సెలెక్ట్ చేద్దామని నొక్కితే అది తెరుచుకుంటుంది.

మూడు, పట్టుకుని ఉంచితే మధ్యలో వదిలేయడం. ఫైల్‌ని లాగుతుంటే దారిలో జారిపోతుంది.

ఇవి తెలుసుకోవడానికి ఏ యాప్ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. నోట్‌ప్యాడ్ తెరిచి ఒక అయిదారు పదాలు టైప్ చేయండి. ఒక పదం మధ్యలో క్లిక్ చేయండి. సెకనుకి ఒకటి చొప్పున, తాపీగా, యాభైసార్లు. సింగిల్ క్లిక్ అయితే కర్సర్ అక్కడికి వచ్చి నిలబడుతుంది. డబుల్ క్లిక్ అయితే ఆ పదం మొత్తం సెలెక్ట్ అవుతుంది. విండోస్‌లో మామూలుగా అర సెకను, అంటే 500 మిల్లీసెకన్ల లోపు రెండు క్లిక్కులు వస్తేనే డబుల్ క్లిక్‌గా లెక్క. మీరు సెకనుకి ఒకటే నొక్కుతున్నారు కాబట్టి మంచి మౌస్‌లో ఆ పదం ఒక్కసారి కూడా సెలెక్ట్ అవ్వకూడదు. అయిందా? రెండో జబ్బు.

తర్వాత పెయింట్ తెరవండి. బ్రష్ తీసుకుని ఇరవైసార్లు వేర్వేరు చోట్ల క్లిక్ చేయండి. ఇరవై చుక్కలు రావాలి. తక్కువ వస్తే మొదటి జబ్బు. ఇప్పుడు బటన్ నొక్కి పట్టుకుని జిలేబీ చుట్టినట్టు ఒక పొడుగాటి గీత గీయండి. మధ్యలో గీత తెగితే మూడో జబ్బు.

అసలు తప్పు మౌస్‌దా, కంప్యూటర్‌దా? వైర్‌లెస్ అయితే ముందు బ్యాటరీ మార్చండి. వైర్ ఉంటే వేరే యూఎస్‌బీ పోర్ట్‌లో పెట్టండి. ఇంకో కంప్యూటర్ లేదా? మీ ఆండ్రాయిడ్ ఫోన్ ఉందిగా. చిన్న ఓటీజీ కనెక్టర్‌తో మౌస్‌ని ఫోన్‌కి తగిలించండి. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది. లెఫ్ట్ క్లిక్ వేలితో తాకినట్టు పనిచేస్తుంది. అక్కడ కూడా అదే తేడా కనిపిస్తే తప్పు మౌస్‌దే. ఫోన్‌లో బాగా పనిచేస్తే కంప్యూటర్ వైపు చూడాలి.

లోపల ఏం జరుగుతోంది?

మౌస్ బటన్ కింద మైక్రోస్విచ్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులో పల్చటి లోహపు రేకు, అదే స్ప్రింగ్. మీరు నొక్కగానే ఆ రేకు టక్కున ఒంగి కింద ఉన్న కాంటాక్ట్‌ని తాకుతుంది. మనకు వినపడే "టిక్" సౌండ్ అదే.

అయితే లోహం లోహానికి తగిలినప్పుడు ఒక్కసారే తగిలి అతుక్కుపోదు. బంతి నేల మీద పడ్డట్టు రెండు మూడుసార్లు ఎగురుతుంది. కొన్ని మిల్లీసెకన్ల పాటు కనెక్ట్ అవుతూ, తెగుతూ ఉంటుంది. దీన్ని బౌన్స్ అంటారు. కొత్త మౌస్‌లోనూ ఇది ఉంటుంది. కానీ మౌస్ లోపలి చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్ కొద్దిసేపు ఆగి, "ఇవన్నీ కలిపి ఒక్క క్లిక్కే" అని లెక్కేస్తుంది. దాని పేరు డీబౌన్స్.

మౌస్ పాతబడేకొద్దీ స్ప్రింగ్ బిగువు తగ్గుతుంది. కాంటాక్ట్ మీద సన్నని ఆక్సైడ్ పొర, దుమ్ము చేరతాయి. అప్పుడు బౌన్స్ ఎక్కువసేపు సాగుతుంది. చిప్ ఆగే టైమ్‌ని దాటిపోయిందంటే ఒక నొక్కుడు రెండు క్లిక్కులుగా బయటికి వస్తుంది. పట్టుకుని లాగేటప్పుడు ఒక్క క్షణం కాంటాక్ట్ తెగితే కంప్యూటర్ "వదిలేశారు" అనుకుంటుంది. పొర మరీ ఎక్కువైతే అసలు కరెంటే పారదు, క్లిక్ పడదు. చూశారా, మూడు జబ్బులకీ మూలం చాలావరకు ఒక్కటే.

ఈ స్విచ్‌లకి కంపెనీలు కోటి క్లిక్కులు, రెండు కోట్లు, అయిదు కోట్లు అని రేటింగ్ ఇస్తాయి. అంకె పెద్దదే, కానీ అన్ని బటన్ల మీదా పని సమానంగా పడదు. లెఫ్ట్ బటన్ రోజంతా చాకిరీ చేస్తుంది. రైట్ బటన్ ఎప్పుడో ఒకసారి. మధ్యలో చక్రం బటన్ ఇంకా తక్కువ. అందుకే లెఫ్ట్ పోయిన మౌస్‌లో మిగతా రెండూ దాదాపు కొత్తవాటిలా ఉంటాయి. మన పరిష్కారాలన్నీ ఈ పాయింట్ మీదే నడుస్తాయి.

మొదటి దారి: రైట్ బటన్‌కి డ్యూటీ మార్చండి

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ అండ్ డివైజెస్, అందులో మౌస్. అక్కడ ప్రైమరీ మౌస్ బటన్ అని మొదట్లోనే ఉంటుంది. లెఫ్ట్ తీసేసి రైట్ పెట్టండి. విండోస్ 10లో అయితే సెట్టింగ్స్, డివైజెస్, మౌస్. అంతే. ఇప్పుడు రైట్ బటన్ నొక్కితే మామూలు క్లిక్ పడుతుంది.

"అన్నా, లెఫ్ట్ క్లిక్ అసలు పడకపోతే సెట్టింగ్స్‌లోకి ఎలా వెళ్లాలి?" మంచి ప్రశ్న. కీబోర్డ్‌తో వెళ్లొచ్చు. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కండి, రన్ బాక్స్ వస్తుంది. అందులో ఎం ఏ ఐ ఎన్, డాట్, సి పి ఎల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. పాతకాలం మౌస్ ప్రాపర్టీస్ విండో వస్తుంది. అందులో ప్రైమరీ, సెకండరీ బటన్లు మార్చే టిక్ బాక్స్ ఉంటుంది. దాని మీదకి వచ్చేదాకా ట్యాబ్ నొక్కండి, స్పేస్‌తో టిక్ పెట్టండి, ఎంటర్ కొట్టండి. మౌస్ ముట్టుకోకుండా పని అయిపోయింది.

ఈ సెట్టింగ్ ఎడమచేతి వాటం వాళ్ల కోసం పెట్టింది. మన అవసరానికి సరిగ్గా సరిపోయింది.

"మరి పాడైన బటన్ ఇప్పుడు రైట్ క్లిక్ అయింది కదా, అది ఇబ్బంది పెట్టదా?" పెడుతుంది, కానీ చాలా తక్కువ. రైట్ క్లిక్ రెండుసార్లు పడితే ఏమవుతుంది? మెనూ రెండుసార్లు తెరుచుకుంటుంది, అంతే. అదే లెఫ్ట్ క్లిక్ రెండుసార్లు పడితే ఫైల్ తెరుచుకుంటుంది, బటన్ రెండుసార్లు నొక్కినట్టవుతుంది. ఒంట్లో బాగోలేని మనిషికి తేలిక పని అప్పజెప్పినట్టు, పాడైన బటన్‌ని నష్టం తక్కువ ఉన్న చోటికి మార్చాం అన్నమాట. ఆ రైట్ క్లిక్ కూడా వద్దనుకుంటే కీబోర్డ్‌లో షిఫ్ట్ + ఎఫ్10 నొక్కండి, అదే మెనూ వస్తుంది.

ఒక్క మంచి బటన్‌తో కంప్యూటర్ నడుస్తుందా అని డౌట్ వద్దు. 1984లో వచ్చిన ఆపిల్ మెకింటాష్ మౌస్‌కి ఉన్నది ఒక్కటే బటన్. దానితోనే జనం బొమ్మలు గీశారు, పేజీలు డిజైన్ చేశారు.

రెండు జాగ్రత్తలు. ఈ మార్పు ఒక్క మౌస్‌కి కాదు, కంప్యూటర్ మొత్తానికి వర్తిస్తుంది. రేపు కొత్త మౌస్ పెట్టాక మళ్లీ వెనక్కి మార్చండి, లేకపోతే కొత్తది కూడా పాడైందనుకుంటారు. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్ అయితే ముందే చెప్పండి, లేదంటే నాన్నగారు కాసేపు మానిటర్‌ని తిట్టుకుంటారు. ఇక కొన్ని గేమ్స్ మౌస్ సిగ్నల్‌ని నేరుగా చదువుతాయి కాబట్టి ఈ సెట్టింగ్‌ని పట్టించుకోవు. గేమ్ లోపలి కంట్రోల్స్‌లో విడిగా మార్చుకోవాలి.

లైనక్స్ వాడేవాళ్లకి గ్నోమ్ సెట్టింగ్స్‌లో మౌస్ దగ్గర ఇదే ఆప్షన్ ఉంది. పైగా చాలా లైనక్స్ సిస్టమ్స్‌లో ఉండే లిబ్‌ఇన్‌పుట్ అనే భాగంలో డీబౌన్స్ ముందే ఉంది. అందుకే విండోస్‌లో సతాయించే మౌస్ ఒక్కోసారి ఉబుంటులో బుద్ధిగా ఉంటుంది.

రెండో దారి: కదపడం మౌస్‌తో, నొక్కడం కీబోర్డ్‌తో

ఇది నాకు బాగా నచ్చిన ట్రిక్. విండోస్‌లో మౌస్ కీస్ అని ఒక ఫీచర్ ఉంది. చేతులతో మౌస్ పట్టుకోలేని వాళ్ల కోసం పెట్టింది. ఎడమ వైపు ఆల్ట్, ఎడమ వైపు షిఫ్ట్, నమ్ లాక్, మూడూ కలిపి నొక్కండి. ఒక బాక్స్ వచ్చి ఆన్ చేయాలా అని అడుగుతుంది. ఎస్ అనండి.

ఇప్పుడు కీబోర్డ్ కుడి పక్కన ఉన్న నంబర్ ప్యాడ్ మౌస్ అయిపోయింది. 5 నొక్కితే క్లిక్. ప్లస్ నొక్కితే డబుల్ క్లిక్. సున్నా నొక్కితే బటన్‌ని పట్టుకున్నట్టు. చుక్క నొక్కితే వదిలినట్టు. మైనస్ నొక్కి తర్వాత 5 నొక్కితే రైట్ క్లిక్. మళ్లీ మామూలు క్లిక్ కావాలంటే స్లాష్ నొక్కాలి. మిగతా అంకెలు బాణాన్ని కదుపుతాయి. కానీ వాటితో కదపడం నత్త నడక. మీ మౌస్‌లో పాడైంది బటన్ మాత్రమే, కదలిక బాగానే ఉంది కదా. అందుకే కుడి చేత్తో మౌస్ కదపండి, ఎడమ చేత్తో 5 నొక్కండి. కీబోర్డ్‌ని కాస్త ఎడమకి జరుపుకోండి. అయిదు నిమిషాల్లో అలవాటైపోతుంది.

ల్యాప్‌టాప్‌లో నంబర్ ప్యాడ్ లేకపోతే? ఇంకా ఈజీ. మౌస్‌తో కదిపి, టచ్‌ప్యాడ్ మీద ఎడమ చేత్తో ట్యాప్ చేయండి. మౌస్ పెట్టగానే టచ్‌ప్యాడ్ ఆగిపోతుంటే, సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ దగ్గరికి వెళ్లి, మౌస్ కనెక్ట్ అయినా టచ్‌ప్యాడ్ ఆన్‌లోనే ఉంచే టిక్ బాక్స్ ఆన్ చేయండి.

మ్యాక్‌లో కూడా మౌస్ కీస్ ఉంది, సిస్టమ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, పాయింటర్ కంట్రోల్ కింద.

ఫోన్‌తో చేద్దామనుకునేవాళ్లకి కేడీఈ కనెక్ట్ అనే ఫ్రీ, ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ పెట్టి, రెండింటినీ ఒకే వైఫైలో కలిపితే, రిమోట్ ఇన్‌పుట్ అనే ఆప్షన్‌తో ఫోన్ స్క్రీన్ టచ్‌ప్యాడ్‌లా పనిచేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇలాంటి యాప్‌కి మీ కంప్యూటర్‌ని నడిపే అధికారం ఇస్తున్నట్టే. పేరు తెలియని ఏదో ఒక "వైఫై మౌస్" యాప్‌ని తొందరలో పెట్టేసుకోకండి.

మూడో దారి: డ్రాగ్ చేయడమే మానేయండి

అసలు నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి లాగుతున్నారు, దారిలో బటన్ ఒక్క క్షణం వదిలేసింది. ఆ ఫోల్డర్ పక్కనున్న ఇంకో ఫోల్డర్‌లో పడిపోయింది. మీకు తెలియదు. ఒక్కసారిగా స్క్రీన్ మీద నుంచి మాయం. "వైరస్ వచ్చింది, డిలీట్ అయిపోయింది" అని గుండె ఆగినంత పనవుతుంది.

అలా జరిగితే కంగారు పడి ఇంకేదీ నొక్కకండి. వెంటనే కంట్రోల్ + జెడ్. విండోస్‌లో అప్పుడే జరిగిన ఫైల్‌ని ఇది మామూలుగా వెనక్కి తెస్తుంది. అది కుదరకపోతే ఫోల్డర్ పేరుతో సెర్చ్ చేయండి. చాలాసార్లు పక్క ఫోల్డర్‌లోనే దొరుకుతుంది.

ఇక డ్రాగ్ బదులు ఏం చేయాలి? ఫైల్స్‌కి కంట్రోల్ + ఎక్స్ తో కట్, కంట్రోల్ + వి తో పేస్ట్. ముఖ్యమైన ఫైల్ అయితే కట్ కూడా వద్దు, కంట్రోల్ + సి తో కాపీ చేయండి, ఒరిజినల్ దాని చోటే ఉంటుంది. పేరా సెలెక్ట్ చేయాలంటే మొదట్లో ఒక క్లిక్, చివర్లో షిఫ్ట్ పట్టుకుని ఇంకో క్లిక్. మధ్యలో ఉన్నదంతా సెలెక్ట్ అవుతుంది. విండోని పక్కకి జరపాలంటే విండోస్ కీతో పాటు బాణం కీలు.

డ్రాగ్ తప్పదంటే, ఇందాక చూసిన మౌస్ ప్రాపర్టీస్‌లో క్లిక్‌లాక్ అని ఒకటుంది. అది ఆన్ చేస్తే, బటన్‌ని కాసేపు నొక్కి వదిలేయండి, కంప్యూటర్ మాత్రం పట్టుకున్నట్టే భావిస్తుంది. వేలు తీసేసి హాయిగా లాగండి, చేరాక ఒక క్లిక్ ఇస్తే వదులుతుంది. వేలు బటన్ మీద లేదు కాబట్టి దారిలో కాంటాక్ట్ తెగే గొడవే ఉండదు.

నాలుగో దారి: దొంగ క్లిక్కుని పట్టుకోవడం

డబుల్ క్లిక్ జబ్బుకి చాలామంది చెప్పే సలహా, "సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ స్పీడ్ పెంచు" అని. ఇది పెద్దగా పనిచేయదు. ఎందుకో లెక్క చూద్దాం. ఆ స్లైడర్‌ని ఎంత లాగినా 200 మిల్లీసెకన్ల వరకే వెళ్తుంది. బౌన్స్ వల్ల వచ్చే దొంగ క్లిక్ మామూలుగా దానికంటే చాలా ముందే, కొన్ని పదుల మిల్లీసెకన్లలోనే వచ్చేస్తుంది. కాబట్టి అది ఇంకా డబుల్ క్లిక్‌గానే లెక్కలోకి వస్తుంది. పైగా నిజంగా డబుల్ క్లిక్ చేయాలంటే మీరే మరింత వేగంగా నొక్కాల్సి వస్తుంది.

కావలసింది దీనికి రివర్స్. మరీ తొందరగా వచ్చిన రెండో క్లిక్‌ని పారేయాలి. మనిషి వేలు ఎంత వేగంగా కొట్టినా వదిలి మళ్లీ నొక్కడానికి కొంత టైమ్ పడుతుంది. స్ప్రింగ్‌కి అంత టైమ్ అక్కర్లేదు. ఆ తేడాతోనే దొంగ దొరుకుతాడు. ఆటోహాట్‌కీ అనే ఫ్రీ టూల్‌లో నాలుగైదు లైన్ల స్క్రిప్ట్ రాస్తే చాలు. "ముందు క్లిక్ వదిలిన 50 మిల్లీసెకన్ల లోపు ఇంకోటి వస్తే పట్టించుకోకు" అని. కోడింగ్ నేర్చుకునేవాళ్లకి ఇది మంచి మినీ ప్రాజెక్ట్. ముందు 50తో మొదలుపెట్టి, నోట్‌ప్యాడ్ టెస్ట్ చేస్తూ కొద్దికొద్దిగా పెంచండి. మరీ పెంచితే మీ అసలు డబుల్ క్లిక్ కూడా పోతుంది.

మీ మౌస్‌కి పక్కన అదనపు బటన్లు ఉంటే, ఎక్స్ మౌస్ బటన్ కంట్రోల్ అనే టూల్‌తో పక్క బటన్‌ని లెఫ్ట్ క్లిక్‌గా మార్చుకోవచ్చు. అయితే ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో పర్మిషన్ లేకుండా ఇలాంటివి పెట్టకండి. ఆన్‌లైన్ గేమ్స్‌లో కూడా జాగ్రత్త. కొన్నిచోట్ల స్క్రిప్ట్ నడిపే టూల్స్‌ని చీటింగ్ కింద చూస్తారు.

డబ్బు, ఎగ్జామ్: ఇక్కడ రిస్క్ వద్దు

ఫీజు కట్టేటప్పుడు, టికెట్ బుక్ చేసేటప్పుడు ఆ చివరి పే బటన్‌ని పాడైన మౌస్‌తో నొక్కకండి. చాలా సైట్లు రెండో క్లిక్‌ని ఆపేస్తాయి. కానీ అన్నీ ఆపుతాయని గ్యారంటీ లేదు. ట్యాబ్ కీతో ఆ బటన్ మీదకి వెళ్లి, చుట్టూ గీత కనపడగానే ఎంటర్ ఒక్కసారి కొట్టండి. డిలీట్ బటన్ ఉన్న చోట కూడా ఇదే పద్ధతి.

ఎగ్జామ్ విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఈఏపీసెట్, జేఈఈ మెయిన్, ఇవన్నీ కంప్యూటర్ మీద రాసేవే. జవాబులు మౌస్‌తోనే పెట్టాలి. అక్కడ ఈ ట్రిక్కులేవీ పనికిరావు, ట్రై కూడా చేయకండి. కీబోర్డ్ ముట్టుకోవడమే సమస్య కావచ్చు. సిస్టమ్ ముందు కూర్చోగానే, ఇన్‌స్ట్రక్షన్స్ చదివే టైమ్‌లోనే మౌస్ కదిపి, క్లిక్ చేసి చూసుకోండి. తేడాగా ఉంటే వెంటనే చేయి ఎత్తి ఇన్విజిలేటర్‌కి చెప్పండి. "చిన్న విషయానికి ఏం అడుగుతాంలే" అని మొహమాటపడకండి. మౌస్ మార్చడం వాళ్ల పని, అడగడం మీ హక్కు. మధ్యలో పాడైనా అంతే. జవాబు పెట్టాక అది సెలెక్ట్ అయిందో లేదో కళ్లతో చూసుకునే తర్వాతి ప్రశ్నకి వెళ్లండి.

ఇంట్లో ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు పరీక్షకి ముందు ఒకటి రెండు రోజులు నెట్ సెంటర్‌లోనో, ఫ్రెండ్ దగ్గరో మౌస్‌తో మాక్ టెస్ట్ రాయండి. మంచి మౌస్ ఎలా ఉంటుందో చేతికి తెలిస్తేనే, పాడైనది చేతికి తగలగానే పట్టుకోగలం.

రిపేర్ చేయొచ్చా?

చేయొచ్చు. కానీ స్క్రూడ్రైవర్ తీసే ముందు బిల్లు తీయండి. చాలా బ్రాండెడ్ మౌస్‌లకి ఏడాది నుంచి మూడేళ్ల దాకా వారంటీ ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్నారంటే ఇన్వాయిస్ మీ అకౌంట్‌లోనే ఉంటుంది. ఇందాకటి నోట్‌ప్యాడ్ టెస్ట్‌ని ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, కస్టమర్ కేర్ వాళ్లకి చూపించడానికి పనికొస్తుంది. ఒకసారి విప్పితే వారంటీ పోయే అవకాశం ఎక్కువ.

వారంటీ అయిపోయిందా? అయితే విప్పండి. స్క్రూలు సాధారణంగా అడుగున ఉన్న నున్నటి ప్యాడ్ల కింద, స్టిక్కర్ కింద దాక్కుని ఉంటాయి. బ్యాటరీ ముందే తీసేయండి. లోపల దుమ్ము ఊదేసి, స్విచ్ మీద ఉన్న చిన్న మీట దగ్గర కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి, ఇరవై ముప్పైసార్లు నొక్కి, బాగా ఆరాక పెట్టి చూడండి. కొన్నాళ్లు పనిచేయొచ్చు. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె లాంటివి మాత్రం వద్దు, ఇంకాస్త దుమ్ము పడుతుంది.

పర్మనెంట్ పరిష్కారం అంటే స్విచ్ మార్చడమే. మూడు కాళ్లుంటాయి, సోల్డరింగ్ ఐరన్‌తో తీసి కొత్తది పెట్టాలి. కొత్త స్విచ్ కొన్ని పదుల రూపాయల్లో దొరుకుతుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి వైపు ఎలక్ట్రానిక్ స్పేర్ పార్టులు అమ్మే షాపుల్లో అడగండి. సోల్డరింగ్ రానివాళ్లు దగ్గర్లోని మొబైల్ రిపేర్ షాపులో అడగొచ్చు. వాళ్లు ఇంతకంటే చిన్న కాళ్లే రోజూ అతికిస్తుంటారు. కొత్త స్విచ్ దొరక్కపోతే, అదే మౌస్‌లో రైట్ బటన్ స్విచ్ తీసి లెఫ్ట్‌లో, లెఫ్ట్‌ది రైట్‌లో పెట్టొచ్చు, రెండూ ఒకే రకం అయితే. సెట్టింగ్స్‌లో మనం చేసిన పనే, ఈసారి సోల్డర్‌తో.

మూడొందల మౌస్‌కి ఇంత అవసరమా అంటే, అది మీ ఇష్టం. చేతికి బాగా అలవాటైన మంచి మౌస్ అయితే నేను మార్పిస్తాను. మామూలుదైతే నాలుగు రోజులు రైట్ బటన్‌తో నెట్టుకొచ్చి కొత్తది కొంటాను. ఎన్ని ట్రిక్కులు తెలిసినా, ఇంటర్వ్యూ కోడింగ్ టెస్ట్ రోజు మాత్రం పాడైన మౌస్‌తో కూర్చోకండి. ఆ రోజు మీ బుర్ర ప్రశ్న మీద ఉండాలి, బటన్ మీద కాదు.

క్విక్‌గా ఒకసారి చెప్పేస్తా. క్లిక్ పడకపోతే: బటన్లు మార్చండి లేదా మౌస్ కీస్. రెండుసార్లు పడితే: బటన్లు మార్చండి లేదా చిన్న స్క్రిప్ట్. లాగేటప్పుడు జారితే: కట్, పేస్ట్, షిఫ్ట్ క్లిక్, క్లిక్‌లాక్. ఫైల్ మాయమైతే: కంట్రోల్ + జెడ్. ఎగ్జామ్ హాల్లో అయితే: చేయి ఎత్తడం.

ఈ ఎడమచేతి సెట్టింగ్, మౌస్ కీస్, క్లిక్‌లాక్ అన్నీ మన కంప్యూటర్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. వేరే ఎవరి అవసరం కోసమో పెట్టినవి, ఈరోజు మనకి అక్కరకొచ్చాయి. తీరిక దొరికినప్పుడు ఆ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్ ఒకసారి తెరిచి మొత్తం చూడండి. మౌస్ బాగున్నప్పుడే ఒకసారి మౌస్ కీస్ ఆన్ చేసి ప్రాక్టీస్ చేయండి, అవసరం వచ్చిన రాత్రి వెతుక్కోనక్కర్లేదు.

మీ మౌస్‌కి ఏ జబ్బు ఉందో టెస్ట్ చేసి కామెంట్‌లో రాయండి. ఆ ఆటోహాట్‌కీ స్క్రిప్ట్ లైన్ బై లైన్ కావాలంటే అదీ చెప్పండి, ఎక్కువమంది అడిగితే దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, బై.